రాగ్న పెద్దమ్మ తనిఖీ

మా రాగ్న పెద్దమ్మ మనుషుల మొహాలు చూడదు, బొత్తాలు చూస్తుంది. పెద్దనాన్నని కూడా మొహం చూసి చేసుకోలేదట. "ఆయన మేజోళ్ల కుచ్చులు సరైన వైపు వేలాడాయి, అంతే" అంటుంది.

మే పదిహేడున, జాతీయ దినం నాడు, మా నార్వే అంతా బూనాద్ అనే సంప్రదాయ దుస్తులు తొడుక్కుంటుంది. ఎవరి పూర్వీకులది ఏ లోయో ఆ లోయ కుట్టు, ఆ లోయ రంగు, ఆ లోయ వెండి పిన్ను. పొద్దున్నే పెద్దమ్మ సూదీ దారం సంచిలో వేసుకుని చర్చి గేటు దగ్గర కాపు కాస్తుంది. వాన కురిసినా కదలదు.

"ఆ నల్ల కళ్లజోడు తియ్యి పిల్లా! మీ ముత్తవ్వ పెట్టుకుందా?"

"ఎండ పెద్దమ్మా!"

"ఆవిడకీ అదే ఎండ."

ఒకసారి మేయరుగారు వేదికెక్కి "ఈ శుభదినాన..." అని గొంతు సవరించుకోగానే కింద నుంచి కేక. "ఎడమ కాలి కుచ్చు లోపలికి తిరిగింది!" పాపం, వంగి సర్దుకోబోయాడు. నడుము దగ్గర బొత్తం ఎగిరి వెళ్లి బ్యాండువాళ్ల బాకాలో పడింది.

"పెట్టెలో ఉండి బట్ట కుంచించుకుపోయిందమ్మా" అన్నాడు.

"బట్టదేం తప్పు బాబూ, నువ్వు తిన్న మీగడ జావది" అంది పెద్దమ్మ, బొత్తం కుట్టిపెడుతూనే.

మా వీధిలో రొట్టెలమ్మే ఎలిడా అనాథాశ్రమంలో పెరిగింది. ఏ లోయ పిల్లో తనకే తెలియదు. ఏటా దుకాణం తలుపు వెనక నిలబడే ఊరేగింపు చూసేది. ఒక చలికాలమంతా కూర్చుని, కంటికి నచ్చిన రంగులతో తనే ఒక బూనాద్ కుట్టుకుంది. పచ్చ పావడా ఒక లోయది, ఎర్ర రవికె ఇంకో లోయది, ఏప్రన్ ఏ లోయదీ కాదు. అది వేసుకుని నేరుగా పెద్దమ్మ గేటుకే వచ్చింది.

పెద్దమ్మ ఒక్క మాటంటే ఆ పిల్ల మళ్లీ జన్మలో పండక్కి గడప దాటదు.

పెద్దమ్మ ఆమె చుట్టూ తిరిగింది. అంచు పట్టుకుని చూసింది. చుట్టూ జనం చేతుల్లో ఐస్‌క్రీములు కరిగిపోతున్నాయి.

"ఇదెక్కడి బూనాదమ్మా, ఎప్పుడూ చూళ్లేదే?" అంది మేయరుగారి భార్య, ఉండబట్టలేక. ఎలిడా తల దించుకుంది.

పెద్దమ్మ గిర్రున తిరిగింది. "స్కుగ్గెదాల్ లోయది! ఆమాత్రం తెలీదూ?"

"ఎక్కడుంది ఆ లోయ?"

"ఎప్పుడో కొండచరియ పడి పూడిపోయింది. వెళ్లి అడుగుదామన్నా ఎవరూ మిగల్లేదు."

అని తన మెడ దగ్గరి వెండి పిన్ను తీసి ఎలిడాకి పెట్టింది. "ఇది లేకుండా స్కుగ్గెదాల్ ఆడపిల్ల వీధిలోకి రాదు." ఆ రోజంతా పెద్దమ్మ కాలరు నోరు తెరుచుకునే ఊరేగింది. తప్పు పట్టే దమ్ము ఎవరికుంది?

ఇంటికి నడుస్తూ అడిగాను. "నిజంగా ఉందా పెద్దమ్మా ఆ లోయ?"

"ఇవాళ్టి నుంచీ ఉంది. నోరు మూసుకుని నడు."

మరుసటేడు ఎలిడా ధీమాగా గేటు దాటబోయింది.

"ఆగు! ఏప్రన్ ముడి కుడివైపా? స్కుగ్గెదాల్‌లో ఎడమవైపు కదూ కట్టేది! మీవాళ్ల పరువు తీస్తావా?"

"తప్పయింది పెద్దమ్మా, మావాళ్లు ఎడమవైపే కడతారు" అంటూ ఎలిడా ముడి మార్చుకుంది. తిట్లు తిని అంత సంతోషంగా నవ్విన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.