మా మరదలి సాక్ష్యం

మా తమ్ముడి భార్యకి ఇంట్లో గీతలమ్మ అని పేరు. పెట్టింది నేనే. పెళ్ళయి వచ్చిన కొత్తలో సరుకుల చీటీ రాసిమ్మంటే ఏవో కొక్కేలూ వంకర గీతలూ గీసి నా చేతిలో పెట్టింది. కొట్టువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం మంత్రమండీ?" అని అడిగాడు. అది షార్ట్‌హ్యాండ్. పార్లమెంటులో సభ్యులు మాట్లాడే ప్రతి మాటా రాసుకునే రిపోర్టరు మా మరదలు.

ఆ పనికో పద్ధతి ఉంది. సభాపతి కుర్చీకి కాస్త కిందగా రిపోర్టర్ల బల్ల ఉంటుంది. అక్కడ కూర్చుని పది నిమిషాలు రాయాలి. తర్వాతి రిపోర్టరు పక్క తలుపులోంచి చప్పుడు కాకుండా వచ్చి కూర్చోగానే, లేచి, సభాపతి వైపు తల వంచి వెళ్ళిపోవాలి. అప్పుడు సభలో ఎవరు గొంతు చించుకుంటున్నా, ఎవరు కళ్ళు తుడుచుకుంటున్నా ఆగకూడదు. వెళ్ళి, రాసుకున్నది టైపు చేసి, మళ్ళీ తన వంతుకి తిరిగి రావాలి. బల్ల దగ్గర నోరు విప్పే పని లేదు. నోట్లో నాలుక లేని మా మరదలికి అతికినట్టు సరిపోయిన ఉద్యోగమని ఏడిపించేదాన్ని.

కొన్నేళ్ళుగా ఆ విభాగంలో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. వెళ్ళిపోయినవాళ్ళ చోట కొత్తవాళ్ళని తీసుకోలేదు. వాళ్ళ పని ఉన్నవాళ్ళ నెత్తిన పడింది. రాసింది టైపు చేసేలోపే మళ్ళీ వంతు వచ్చేసేది. అన్నం డబ్బా వెళ్ళినంత బరువుగానే ఇంటికి తిరిగొచ్చేది. మణికట్టుకి గుడ్డ చుట్టుకుని, పాలగిన్నె దించడానికి కూడా నన్ను పిలిచేది. పొయ్యి దగ్గర నిలబడే కునికిపాట్లు పడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. కోపం తన మీద కాదు. మరి ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెల మీద చూపించేదాన్ని.

ఊరందరి లెక్కలూ అడిగే ఆ సభ, తన సొంత ఆఫీసు లెక్కలు ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. ఈసారి ఎవరికి బుద్ధి పుట్టిందో, ఆఫీసు ఖర్చులూ ఉద్యోగుల బాగోగులూ చూడటానికి సభ్యులతో ఒక కమిటీ వేశారు. విభాగానికొకరు వచ్చి సాక్ష్యం చెప్పాలన్నారు. రిపోర్టర్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, చివరికి అందరికన్నా పాతదని మా మరదలి పేరు ఇచ్చారు.

రెండో రోజే కార్యదర్శిగారు తనని గదికి పిలిపించుకున్నారు. ఆఫీసు మొత్తానికి ఆయనే పెద్ద. పల్లెత్తు మాట అనలేదట. కూర్చోబెట్టి, "అంతా సవ్యంగానే ఉందని రెండు ముక్కలు చెప్పి వచ్చేయండమ్మా. మీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదే ఉంది, సంతకం పెట్టాలి" అన్నారట. మా మరదలిది ఏటేటా ఆయన సంతకంతో పొడిగించే ఉద్యోగం. తమ్ముడి గడియారాల కొట్టులో గిరాకీ ఏనాడో పోయింది. పిల్లల చదువులూ, ఇంటద్దే, అన్నీ తన జీతం మీదే నడుస్తున్నాయి.

"రెండు ముక్కలే కదా, చెప్పేసి వచ్చెయ్" అన్నాడు తమ్ముడు.

"ఏమని? తను చాలా సుఖంగా ఉందనా? ఆ చెయ్యి ఎప్పుడైనా చూశావురా నువ్వు?" అని లేచాను.

"వదినా, మీరిద్దరూ కాసేపు ఊరుకోండి" అని మా మరదలు బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. ఏం చెప్పబోతోందో మాకు చెప్పలేదు.

విచారణ తలుపులు తెరిచే జరగాలనీ, ఎవరైనా వచ్చి వినొచ్చనీ కమిటీ అధ్యక్షురాలు పట్టుబట్టిందట. నేను వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఇంట్లో అంత రంకెలు వేసినదాన్ని, అక్కడ ముందు వరసలో కూర్చున్న కార్యదర్శిగారిని చూడగానే కొంగు సర్దుకుని మూలకి జరిగాను. పొడుగాటి బల్లకి అవతల సభ్యులు, ఈ చివర సాక్షి కుర్చీలో మా మరదలు. మధ్యలో చిన్న బల్ల దగ్గర తనతో పనిచేసే అమ్మాయే కూర్చుని, తను చెప్పేదంతా రాసుకుంటోంది.

"మీ విభాగంలో పని ఎలా ఉందమ్మా?"

"సవ్యంగానే ఉందండి."

"మనుషులు సరిపోతున్నారా?"

"సర్దుకుంటున్నామండి."

కార్యదర్శిగారు కుర్చీలో వెనక్కి వాలారు. అధ్యక్షురాలు అడుగుతూనే ఉంది, మా మరదలు నీళ్ళు నములుతూనే ఉంది. పోనీలే, ఉద్యోగమైనా నిలుస్తుంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే చిరాకేసింది.

ఇంతలో పక్క తలుపు తెరుచుకుంది. తర్వాతి రిపోర్టరు చప్పుడు కాకుండా వచ్చి, చిన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. అంతే, జవాబు చెబుతున్న మా మరదలు మాట మధ్యలో ఆపి, ఠక్కున లేచి, సంచీ భుజాన వేసుకుని, అధ్యక్షురాలి వైపు తల వంచి, చకచకా పక్క తలుపు వైపు నడిచింది.

గదంతా నోరు తెరుచుకుని చూసింది.

"ఎక్కడికమ్మా?" అంది అధ్యక్షురాలు.

"నా వంతు అయిపోయిందండీ. టైపు చేసుకోవాలి. మళ్ళీ వంతొచ్చేస్తే..." అని, అప్పుడు తెలివొచ్చి నిలబడిపోయింది. మొహం కందగడ్డ అయింది.

సభ్యులు పగలబడి నవ్వారు. నేనైతే సిగ్గుతో చచ్చిపోయాను. అధ్యక్షురాలు మాత్రం నవ్వలేదు.

"మళ్ళీ వంతు ఎంతసేపటికి వస్తుంది?"

పని గురించి సూటిగా అడిగేసరికి మా మరదలికి అబద్ధం నోటికి రాలేదు. "టైపు సగంలో ఉండగానే వచ్చేస్తుందండీ."

"మిగతా సగం?"

"సభ అయ్యాక చేస్తామండీ."

"భోజనం?"

 మా మరదలు గుడ్డ చుట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "ఆ చేతికేమైంది?" అని అడిగిందావిడ. అక్కడితో కట్ట తెగింది. తిరిగొచ్చి కూర్చుని, ఖాళీ కుర్చీల గురించీ, వేళ్ళ తిమ్మిర్ల గురించీ, నొప్పి మాత్రలు ఒకరికొకరు పంచుకోవడం గురించీ అన్నీ చెప్పింది. ఇంట్లో ఇన్నేళ్ళలో అంత మాట్లాడగా నేను వినలేదు.

అధ్యక్షురాలు కార్యదర్శి వైపు తిరిగింది. "ఈ ఖాళీలు నింపడానికి సభ ఏటా డబ్బు ఇస్తోంది. ఏమైంది?"

"మరమ్మతులకి మళ్ళించామండి."

"దేని మరమ్మతులకి?"

 అధికారుల విశ్రాంతి గదికి కొత్త తివాచీలూ, సోఫాలూ అట. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇవన్నీ ముందే ఎందుకు చెప్పలేదమ్మా? భయపడ్డారా?"

మా మరదలు ఆయన వైపు చూసింది. "భయమేనండీ. నా కాంట్రాక్టు కాగితం వారి బల్ల మీదుంది" అంది.  అయిపోయింది, రేపటినుంచి మా గతేమిటి అనుకున్నాను.

"ఇక ఉండదు. కాంట్రాక్టులన్నీ ఇవాళే కమిటీ ముందుకు రావాలి. సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఎవరి కాగితం ఆగినా, ఎందుకు ఆగిందో మీరు ఇదే గదిలో, ఇలాగే తలుపులు తెరిచి చెప్పాలి" అంది అధ్యక్షురాలు కార్యదర్శితో.

మర్నాడే సంతకం అయింది. ఆ కాగితం చూశాక నా ప్రాణం లేచొచ్చింది. తమ్ముడు దాన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. వెక్కిరించబోయి నేనూ ఏడ్చాను. ఖాళీలు నింపడానికి మరికొన్ని నెలలు పట్టింది కానీ, నింపారు. తివాచీలు పరిచేశారు కాబట్టి అవి అలాగే ఉన్నాయట.

కొత్తవాళ్ళు చేరిన మొదటి రోజు, సభ జోరుగా నడుస్తున్న వేళ, ఇంట్లో ఫోను మోగింది. చూస్తే మా మరదలు. ఆఫీసు నుంచి తను ఫోను చెయ్యడం నేనెరగను. గరిట పట్టుకునే ఫోను ఎత్తాను.

"ఏమైందే? చేతికేమైనా అయిందా?"

"ఏం కాలేదు వదినా."

"మరి?"

"టైపు అయిపోయింది, అన్నం తిన్నాను. నా వంతు రావడానికి ఇంకా బోలెడు టైముంది" అంది. "ఏం చెయ్యాలో తోచక చేశాను."