తోక కట్టిన రాయి

ఇల్లందు దాటి అడవిలోకి మళ్లే చోట తెల్లదొరల నాటి బంగళా ఒకటుంది. గని మేనేజరు కోసం కట్టింది. ఇప్పుడు సున్నం వేసి, టికెట్ పెట్టి జనానికి చూపిస్తున్నారు. పొద్దున్నే దాని తలుపులు తీసేదీ, వసారాలు ఊడ్చేదీ దూలయ్య. అరవై దాటిన కోయ మనిషి. ఆ బంగళా కథలో అతని ఇంటికీ భాగముంది. అది ఎక్కడా కనిపించకపోవడానికి కారణం నేను.

మాది కారేపల్లి. కాన్వెంటులో నేర్చిన ఇంగ్లీషు ముసలితనంలో ఖర్చు కాక, ఆదివారాలు బంగళాకు పోయి, వచ్చినవాళ్లకు ఊరికే కథలు చెప్పేవాణ్ని. దొర స్నానాల తొట్టిలో మొసలిని పెంచాడన్నాను. నమ్మారు. పులి వచ్చి వసారాలో కూర్చుని పియానో వినేదన్నాను. అదీ నమ్మారు.

పెరట్లో నిలువెత్తు రాయి ఒకటుంది. దానికి ఎండిపోయిన తోక కట్టి ఉండేది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ అదేమిటని అడిగింది. దొర ప్రాణంగా పెంచుకున్న కుక్క సమాధి అనీ, తోక దానిదేననీ ఇంగ్లీషులో చెప్పాను. అందరూ నవ్వారు. చీపురుతో పక్కన నిలబడ్డ దూలయ్య కూడా, ముక్క అర్థం కాకపోయినా, మర్యాదకు నవ్వాడు.

ఆవిడ ఆ కథను ఫోన్లో ఊరూరా తిప్పింది. మరుసటి ఏడు మరమ్మతులప్పుడు రాయి చుట్టూ ఇనుప కంచె, ముందు 'దొరగారి కుక్క సమాధి' అని బోర్డు వచ్చాయి. తన మనవరాలు శ్రావణి ఆ బోర్డు చదివి వినిపించిన రోజే దూలయ్య బస్సెక్కి మా ఇంటికొచ్చాడు.

"పటేలా, కుక్కదని చెప్పినవంట."

"నవ్వులాటకు అన్న దూలయ్యా. ఎవరిది ఆ రాయి?"

"మా తాత బొజ్జయ్యది. బంగళాకు దూలం ఎత్తుతుంటే మీద వడ్డది. సచ్చిన జాగలనే రాయి నిలవెట్టి ఆవు తోక కట్టిన్రు. మావోళ్లం గట్లనే కడ్తం. ఏటేటా ఇప్పసారా తొలి చుక్క ఆయనకే పోస్త. ఇప్పుడు కంచెకు తాళమేసిన్రు. నువ్వు జెప్పింది నువ్వే సరిజెయ్యాలె."

మర్నాడే ఇద్దరం బంగళా ఆఫీసుకు పోయాం. అక్కడి అధికారి అనిల్‌కుమార్ మాకు చాయ్ తెప్పించాడు.

"రాయి దూలయ్య తాతది సార్. ఆ కుక్క కథ నేను అల్లింది" అన్నాను.

"మొసలి?"

"అదీ నేనే."

"పులి?"

తలూపాను.

"ఇయ్యాల మనిషంటున్నరు. వచ్చే నెల ఏమంటరో. మీ మాట మీద బోర్డెట్ల మారుస్త తాతా? కాయితం ఏమన్న ఉందా?"

"రాయే ఉంది సార్" అన్నాడు దూలయ్య.

"కంచె లోపల సారా పోస్తే డ్యూటీ పోతది. చూస్కో."

తిరుగు బస్సులో దూలయ్య నన్ను తిడతాడని ఎదురుచూశాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఈ ఏడు ఇప్పపూలు రాలాక మళ్లీ పోయాను. దూలయ్య ఆకుదొన్నెతో కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. కడ్డీల సందులో చెయ్యి దూరడం లేదు. అంతలో బడిపిల్లల బస్సు వచ్చి ఆగింది. అనిల్‌కుమార్ ఎదురెళ్లి వాళ్లను పెరట్లోకి తీసుకొచ్చాడు. దూలయ్య దొన్నెను వీపు వెనక దాచుకున్నాడు.

ఒక పిల్ల బోర్డు చదివి, అతని వైపు తిరిగింది.

"తాతా, నిజంగ కుక్కదేనా ఇది?"

దూలయ్య అధికారిని చూశాడు. నన్ను చూడలేదు.

"అవ్ బిడ్డా. కుక్కదే."

"దాని పేరేంది?"

దూలయ్య చూపు రాయి మీదికి పోయింది. వెనక ఒరిగిన దొన్నెలోంచి సారా మడమల మీదికి కారుతోంది.