సుద్దముక్క పట్టే మెట్లు

మా ఇంటి చెక్క మెట్లకు రంగు వేయాలా, గీకించి పాలిష్ పెట్టించాలా అన్న మాట ఒక ఆదివారం పొద్దున ఇడ్లీల దగ్గర లేచింది. లేపింది మా ఆయన.

మాది మడివాళలో పాత ఇల్లు. కింద మేముంటాం. పైన గదుల్లో ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలుంటారు. అందరూ కర్నూలు, కడప, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన తెలుగు పిల్లలే. వాళ్లకు వంట చేసిపెట్టేది నేను. మా ఆయన మేస్త్రీ. ఈ ఊళ్లో ఎందరికో ఇళ్లు కట్టిపెట్టి, తనకు మాత్రం ఎవరో కట్టిన పాత ఇల్లు కొనుక్కున్నాడు. మెట్లు ఆ ఇంటితో వచ్చినవే. పైకి ఎప్పుడో పూసిన పాలిష్ పోయి, ఎండిన కొబ్బరిపీచు రంగుకు తిరిగాయి.

ముందురోజు ఖాళీ గది చూడడానికి ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. ఆయన మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఆగి, "ఇవి బరువుకు ఆగుతాయా?" అని అడిగాడు. మేస్త్రీని నిలబెట్టి అడిగే మాటేనా అది! వాళ్లు పోయి ఎదురుగా గ్రానైట్ మెట్లున్న కొత్త బిల్డింగులో చేరారు. మా ఆయనకు ఆ పూట అన్నం సహించలేదు.

"చెక్క ఇనుమట్ల ఉండాది. చూసేదానికే ముసిల్దయిపోయింది," అన్నాడు ఇడ్లీ తుంచుతూ. "చాక్లెట్ కలర్ పెయింట్ కొట్టిస్తే మళ్లా దాని మొగం చూసే పన్లేదు."

పై అమ్మాయిల్లో అందరికంటే పాతది కర్నూలు అమ్మాయి. దానికి నోరు కూడా పెద్దదే.

"అయ్యో అంకుల్, పెయింట్ కొడితే గవర్నమెంట్ ఆఫీసు బెంచీ మాదిరి ఉంటాది. నీట్‌గా గీకించి పాలిష్ పెట్టించండి. ఇట్లాంటి టేకు ఇప్పుడు యాడ దొరుకుతాది?"

"పాలిష్ పెడితే మీ చెప్పులకు నెల కూడా నిలబడదు మా."

"మేం చెప్పులు కిందనే ఇడిచి ఎక్కుతాం కదా అంకుల్."

"ఎవరు? నువ్వా?"

అందరూ నవ్వారు. నన్ను ఎవరూ అడగలేదు. నేను కూడా చట్నీ వడ్డిస్తూ ఊరుకున్నాను. నాకు ఆ రెండూ వద్దు. కానీ ఎందుకు వద్దో చెప్పడానికి సిగ్గేసింది.

నేను అక్షరాలు దిద్దుకున్నది ఆ మెట్ల మీద. అరవై దగ్గరపడ్డాక మొదలుపెట్టాను. ముందు నోటుబుక్కే కొన్నాను. దాని సన్నగీతల మధ్య ఇమడడం, చపాతీలు ఒత్తిన నా చేతికి చేతకాలేదు. పైగా తప్పు రాస్తే అది అక్కడే ఉండి, తెరిచినప్పుడల్లా నా వైపే చూసేది. ఒకరోజు కర్నూలు అమ్మాయి క్యాబు కోసం పరుగు తీస్తుంటే ఆపి, 'క్ష' ఎట్లా రాయాలని అడిగాను. పెన్ను కోసం మళ్లీ పైకెక్కే తీరిక దానికి లేదు. ముగ్గు గీతలకని తలుపు పక్కన పెట్టుకున్న సుద్దముక్క అందుకుని, రెండు మెట్ల మధ్య నిలువుగా ఉండే చెక్క మీద గబగబా రాసింది. "సాయంత్రానికి దిద్ది పెట్టండి ఆంటీ," అని కేకేసి వెళ్లిపోయింది.

పాత చెక్క గరుకుగా ఉండి సుద్దను బాగా పట్టింది. నేను కింద పీట వేసుకుని కూర్చుంటే మూడో నాలుగో మెట్టు సరిగ్గా నా ముఖం ముందుకొస్తుంది. కుక్కరు కూత వినపడుతూనే ఉంటుంది. తప్పు పోతే తడిగుడ్డతో ఒక తుడుపు. అన్నిటికంటే మేలు ఏమిటంటే, సాయంత్రం ఇల్లు చేరే అమ్మాయిలు పైకెక్కాలంటే నా రాత చూడక తప్పదు. చూసినవాళ్లు దిద్దక తప్పదు. ఒకమ్మాయి సరిచేసేది, ఇంకొకమ్మాయి కొత్తమాట రాసిపెట్టేది. అట్లా బస్సు బోర్డులు దాటి పత్రికలో పెద్దక్షరాల దాకా వచ్చాను. ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతున్నాను. నా చదువు సగంలో ఉంది. ఇప్పుడు మెట్లు నున్నగా మెరిస్తే సుద్ద ఎక్కడ పడుతుంది? అయినా గది ఖాళీగా పడి ఉన్నప్పుడు, ఇంటి మర్యాద పోతోందని మనిషి బాధపడుతున్నప్పుడు, నా దిద్దుబాట్ల గొడవ ఎట్లా ఎత్తను?

మచ్చు చూడకుండా ఏ పనీ మొదలుపెట్టడు మా ఆయన. సున్నం గానీ సిమెంటు గానీ, ముందు ఒక మూల పూసి చూడాల్సిందే. బళేపేట బజారుకు పోయి రెండు రకాల డబ్బాలూ తెచ్చాడు. కింది మెట్టు నిలువు చెక్కకు చాక్లెట్ రంగు కొట్టాడు. దాని పైదాన్ని ఉప్పుకాగితంతో రుద్ది పాలిష్ పెట్టాడు. రెండూ ఆరాక అమ్మాయిలందరినీ పిలిచి, "ఓట్లెయ్యండి," అన్నాడు.

వాళ్లు చేతులెత్తేలోపు నేను సుద్దముక్క తీసుకుని వంగాను. రంగు మీద 'అ' రాస్తే జారిపోయింది. పాలిష్ మీద రాస్తే కీచుమని అరిచింది గానీ గీత పడలేదు.

"ఏమ్మే, కొత్త రంగు మీద ఏం గీకుతాండావు?" అన్నాడు ఆయన.

"నా పలక ఉండాదా పోయిందా అని చూస్తాండా."

ఆ మెట్ల మీద నేను రాసేది ఆయన రోజూ చూస్తున్నాడు. అయినా అది ఆయనకు తట్టలేదు. కర్నూలు అమ్మాయి తల పట్టుకుని, "ఆంటీ, వైట్ బోర్డు కొనిస్తాం!" అంది.

"గోడకు తగిలిస్తే మీరు చూస్తారా? ఫోను చూసుకుంటా పోతారు. మెట్టయితే కింద చూసి ఎక్కాల్సిందే."

మా ఆయన నవ్వేశాడు. "అది నిజమేలే. మరి ఏం చేద్దామంటావప్పా? గది ఖాళీగా పెట్టుకుందామా?"

అప్పుడు తట్టింది నాకు. చిన్నప్పుడు మా అన్నకు చెక్క పలక ఉండేది. బొగ్గు నూరి, దొండాకు పసరుతో కలిపి రుద్ది, దాన్ని నల్లగా చేసే పని నాది. రాసే పని వాడిది. తన చెల్లెలు చేసినంత నల్లని పలక ఊళ్లోనే లేదని బడిలో గొప్పలు కూడా చెప్పుకునేవాడు.

"అడుగేసే చెక్కకు పాలిష్ పెట్టుకో. నిలువు చెక్క నాకు ఇడిచిపెట్టు. మచ్చు చూపిస్తా," అన్నాను.

వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు అడిగి తెచ్చాను. మేడ మీద దొండపాదు ఉండనే ఉంది. నూరి, కలిపి, ఇంకో నిలువు చెక్కకు పట్టించాను. ఆరింది. చూడ్డానికి బాగానే ఉంది. సాయంత్రం కడప అమ్మాయి పైకెక్కుతుంటే కాలివేళ్లు తగిలాయి.

"ఆంటీ! నా వైట్ సాక్స్!"

మా ఆయన గడప దగ్గర కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయిపాయ. ఇంగ ఆ పిల్లలందరికీ నల్లకాళ్లే."

నాకు రోషం వచ్చింది. యాభై ఏళ్లు దాటిన పనితనం, ఏదో మరిచిపోయాను. గుర్తు చేసుకుంటే తెలిసింది: పసరు ఎక్కువ, బొగ్గు తక్కువ ఉండాలి. పూత పూతకీ నీడన ఆరనిచ్చి, పొడిగుడ్డతో నలుపు అంటనంతదాకా రుద్దాలి. మర్నాడంతా వంటతోపాటు అదే పని. ఆరాక మా ఆయన వచ్చి అరచేత్తో గట్టిగా రాశాడు. చెయ్యి చూసుకున్నాడు. పంచెకు కూడా తుడిచి చూశాడు. పంచె తెల్లగానే ఉంది. నేను సుద్దతో 'అ' రాశాను, గీత చక్కగా పడింది.

"సున్నం కూడా ఇట్ల పట్టదు," అన్నాడు. మేస్త్రీ నోట ఆ మాట రావడం మాటలు కాదు. తను కొట్టిన చాక్లెట్ రంగును తనే గీకేశాడు.

అడుగు చెక్కలు పాలిష్‌తో తేనెరంగు, నిలువు చెక్కలు నలుపు. కర్నూలు అమ్మాయి ఫోటోలు తీసి ఎవరెవరికో పంపింది. రాత్రి వంట ఏమిటో మెట్టుకొక మాటగా రాయడం మొదలుపెట్టాను, ఒత్తులు కుదురుతాయని. అనంతపురం నుంచి గది చూడడానికి వచ్చిన ఒకామె, కూతురి ముందు నడుస్తూ పైకి చదువుకుంటూ ఎక్కింది: "చపాతీ... పప్పు... బీరకాయ కూర..." పైమెట్టు దగ్గర వెనక్కి తిరిగి, "మా పాపకు ఇదే గది ఖాయం చేయండి," అంది. మెట్లు ఆగుతాయా అని అడగలేదు. మా ఆయన మాత్రం తనే చెప్పాడు, "ఏనుగు ఎక్కినా ఆగుతాయి తల్లీ," అని.

ఆ పాప వచ్చి వారం తిరగకముందే, సొరకాయ కూర అని నేను రాసిన మాట కింద ఏదో కొత్త రాత కనిపించింది. పీట వేసుకుని కూర్చున్నాను. పైన ఎవరూ లేరు, చదివి చెప్పడానికి. కూడబలుక్కుని నేనే చదివాను.

'మళ్ళీనా ఆంటీ?'

వంటింట్లోంచి మా ఆయన, "ఒక్కదానివే ఏం నవ్వుతాండావే?" అని అడిగాడు. ముందు సుద్దముక్క వెతుక్కుని, దాని కింద పెద్దక్షరాలతో రాశాను:

'తినాల్సిందే.'