నేను ఛీ అన్న నా ఒళ్లు

దొడ్డికి పోయినంక నెత్తురు చూసిన నాడు నేను భయపడలే, అసయ్యించుకున్న. ఒక చెంబుకు రెండు చెంబుల నీళ్లు కుమ్మరించి, ఎవ్వలకు చెప్పకుండ వచ్చి బీడీల చాట ముందట కూసున్న. మాది ధర్మపురి దిక్కు ఊరు. పొద్దంత తంబాకుల కూసుంటే ఒంట్లె వేడి పడతదని బీడీలు చేసే ఆడోళ్లందరం నమ్ముతం. నెత్తురు పడ్డా వేడే, ఒంటికి పోతే మండినా వేడే. మజ్జిగ తాగిన, సబ్జలు నానబెట్టుకొని తాగిన. ఊర్లె ఆర్‌ఎంపీ చూడకుండనే "పైల్స్, అక్కా" అని ట్యూబు మందు ఇచ్చిండు. చూస్తనన్నా నేను చూడనియ్యకపోదును.

బరువు తగ్గిన. దొడ్డికి పోయినా పోనట్టే ఉండేది. ఆఖరికి కూసోలేకపోతుంటే మా కోడలు స్వప్న నన్ను గుంజుకపోయినట్టు కరీంనగర్ తీస్కపోయింది. సర్జన్ గ్లౌజ్ తొడుక్కొని వేలుతోటి చూస్తనంటే నేను మంచం దిగి నిలవడ్డ. "అమ్మా, సిగ్గుపడే టైం అయిపోయింది, పండుకోండి" అన్నడు. పళ్లు కొరుక్కుంట పండుకున్న. ఆయన చెయ్యి తీసి నిమ్మళంగ, "గడ్డ తగులుతుంది" అన్నడు. కొలనోస్కోపీ, బయాప్సీ, సీటీ స్కాన్ అన్నీ అయినయ్. రెక్టమ్ క్యాన్సర్ అని తేలింది.

ముందు రేడియేషన్, కీమో. కింద తోలంత కమిలిపోయింది. అటెనుక సర్జన్ స్వప్నను, నన్ను కూసోబెట్టి చెప్పిండు. "గడ్డ చాలా కిందికుంది. మోషన్ పోయే దారి మూసేస్తం. పేగు కొసను పొట్ట మీదికి తీసి కొలోస్టమీ పెడతం. ఇగ మోషన్ బ్యాగులకే వస్తది."

"ఎన్నొద్దులు, సారూ?"

"పర్మనెంట్, అమ్మా."

నాకప్పుడు చావు యాదికి రాలే, మా వాడకట్టు అరుగు యాదికొచ్చింది. పెండ్లైన కాన్నుంచి ఆడ నలుగుర్ల కూసోని, బీడీలు చుట్టుకుంట, ముచ్చట పెట్టుకుంట బతికిన. కంపు కొట్టేదాన్ని ఎవలు పక్కకు కూసోనిస్తరు? నా పరేషాన్ అంత అదే.

ఆపరేషన్ అయినంక నర్సు దుప్పటి తీసి చూడుమన్నది. పొట్ట మీద ఎర్రగ, తడిగ, పెదివిని లోపలి నుంచి బయటికి తిప్పినట్టు ఒక ముద్ద. అది దానంతట అదే కదులుతుంది. ముట్టుకుంటే నా వేలుకు తెలుస్తుంది గాని దానికి తెలుస్తలేదు. దుప్పటి మల్ల కప్పుకున్న. గిన్నేండ్లు ఒళ్లంటే నా చేతులే అనుకున్న. చేతులు చెప్పినంత పని చేసినయ్. ఇది నా మాట వినదు. నేను బుక్క నోట్లె పెట్టుకుంటుంటెనే అది సంచిల ఇడుస్తది. "అలవాటైతది" అని నర్సు అంటే "నీకు పెడితె తెలుస్తది" అన్న.

ఇంటికొచ్చినంక రోజూ కారుడే. పొట్ట చుట్టు తోలు పుండై మండేది. చెకప్‌కు పోయొస్తుంటే బస్సుల బ్యాగు ఊడింది. ముంగట సీట్ల ఆమె ముక్కుకు కొంగు పెట్టుకొని "ఎవల పిల్లనో దొడ్డికి పోయింది, జర కడుగుర్రి" అన్నది. బస్సుల పిల్లలే లేరు. స్వప్న తన చున్నీ నా ఒళ్లె కప్పింది. ఈ ఒళ్లు నాకద్దని ఆనాడు మస్తు ఏడ్చిన.

బ్యాగు కింద తోలుకు అతికే ప్లేటుకు, ఆ ముద్ద పట్టేంత తొర్ర మనమే కత్తిరించుకోవాలె. పెద్దగైతే పక్కలకు కారుతది. మేము అందాజగ కత్తిరిస్తున్నం. ఒకనాడు కోపమొచ్చి బీడీ ఆకు కత్తెర తీసిన. ఆకు మీద రేకు ముక్క పెట్టి, దాని కొలతకు కత్తిరించుడు మా పని. అట్లనే అట్ట ముక్క మీద ఆ ముద్ద కొలత తీసుకున్న. కొలత తియ్యాల్నంటే మంచిగ చూడాలె కద, కండ్లు మూసుకోకుండ చూసుడు అదే మొదలు. అసయ్యం పోలే గాని కారుడు ఆగింది.

ఇగ అరుగు మీదికి పోయి జర ఎడంగ కూసున్న. ముచ్చట నడుమల అది బుర్రుమని గాలి ఇడిసింది. అందరి చేతులు ఆగినయ్. "నేను కాదు, నా కడుపు. ఇష్టం లేనోళ్లు లేసి పోర్రి" అన్న. ఎవ్వలు లేవలే. ఒకామె నవ్వింది. పక్కామె తంబాకు నా దిక్కు జరిపింది.

అందరు పోయినంక పక్కింటి లచ్చవ్వ ఉండిపోయింది. "వదినె, నాగ్గూడ నెత్తురు పడుతుంది. వేడేనా?"

"డాక్టర్ కాడికి పోదాం పా. వేలుతోటి చూస్తడు."

"ఛీ. గాడ ఎట్ల చూపెట్టాలె?"

నేను చీర జరిపి ఆమె ముందట నిలవడ్డ. బ్యాగు సగం నిండి ఉండె. ఆమె మొఖం తిప్పుకుంటే గదువ పట్టుకొని ఇటు తిప్పిన. "చూడు, లచ్చవ్వా. ఛీ అంటే గిది."

తెల్లారి ఇద్దరం బస్సెక్కినం. ఆమెది పేగుల చిన్న బొడిపె, పాలిప్ అట, కొలనోస్కోపీలనే తీసేసిర్రు. నా స్కాన్లు గూడ ఇప్పుడు మంచిగనే వస్తున్నయ్. బ్యాగు మార్చేటప్పుడు ఇప్పటికీ ముక్కు మూసుకుంట. ఒంటిని ప్రేమించుమని ఎవలన్న చెప్తే కోపమొస్తది. కడుగుత, తుడుస్త, కొలతకు కత్తిరిస్త, అంతే.

మీకు చెప్పేది ఒక్కటే. నెత్తురు పడితే, చూడకుండ పైల్స్ అని చెప్పెటోని మాట వినకుర్రి. వేలు పెట్టి చూసే డాక్టర్ కాడికి పోర్రి. సిగ్గైతే కండ్లు మూసుకోర్రి, జరసేపట్ల అయిపోతది. నా సంచి నేను బతికినన్నొద్దులు ఉంటది.