వాపసు వచ్చిన షేర్లు

మొన్న మెట్రోలో ఇంటికొస్తుంటే ఫోను టింగుమంది. మా మేనమామ నా పేర రాసిపోయిన షేర్లను కంపెనీ బైబ్యాక్‌లో కొంటుందట, ఇష్టమైతే ఒక్క బటన్ నొక్కమన్నారు. ఆ మాట చూడగానే మామ గుర్తొచ్చి, ఉప్పల్‌లో దిగాల్సినవాణ్ణి నాగోలు దాకా వెళ్లిపోయాను.

మామ నాచారంలో ఒక పంపుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. కార్మికుల కోటాలో వచ్చిన షేర్ల కాగితాలను అత్తయ్య పట్టుచీర మడతల్లో దాచుకుని, బోడుప్పల్ నుంచి ఏ చుట్టమొచ్చినా తీసి చూపించి, ఫ్యాక్టరీలో తనకూ ఒక ముక్క ఉందని మురిసిపోయేవాడు. ఆయన రిటైరైన మరుసటి ఏడే బైబ్యాక్ ఫారం పోస్టులో వచ్చింది. నేనప్పుడు బి.కాం. చదివి కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి, తెలిసింది తక్కువ, చెప్పేది ఎక్కువ. అదేమిటని ఆయన అడిగితే, కంపెనీ షేర్లు వాపసు తీసుకోవడమని ఒక్క ముక్కలో తేల్చేశాను. దుకాణంలో పనికిరాని సరుకునే కదా వాపసు చేస్తారు! ఆ మాట ఆయనకు గుచ్చుకుంది.

"గిన్నేండ్లు పని జేసిన, ఏం తప్పు జేసిన అల్లుడా, వాపసు అడుగుతున్రు?" అంటూ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

నన్ను నేను తిట్టుకుని, కూర్చోబెట్టి చెప్పాను: ఇందులో బలవంతమేమీ లేదు, కంపెనీ తన మిగులు డబ్బుతో మార్కెట్ ధరకన్నా ఎక్కువిచ్చి కొంటుంది, కొన్నవాటిని రద్దు చేస్తుంది కనుక అమ్మనివాళ్ల వాటా కాస్త పెరుగుతుంది, అయినా ధర బాగుంది గనుక ఇచ్చేయడమే మేలు అని. ఆయన విన్నది చివరి మాటొక్కటే. "సదువుకున్నోనివి, నువ్వు జెప్పినంక ఇంకేముంది" అని, పెన్ను మూత మూడుసార్లు తీసి పెట్టి, మొత్తం షేర్లకూ సంతకం చేశాడు.

అమ్ముతామన్నవాళ్లు ఎక్కువవడంతో కంపెనీ ఎవరివీ పూర్తిగా కొనలేదు. దామాషా ప్రకారం కొన్ని తీసుకుని మిగిలినవి రిజిస్టర్డ్ పోస్టులో తిప్పి పంపింది. అయ్యో, మంచి ధర పోయిందే అని నేను నొచ్చుకుంటుంటే, మామ ఆ కవరు పట్టుకుని ఇల్లంతా కలయతిరిగాడు.

"సూసినవా, నన్ను మొత్తం ఇడిసిపెట్టలే!"

దామాషా లెక్క చెప్పబోయి, ఆ ముఖం చూసి ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ ఊరుకున్నందుకు సంతోషమే.

ఆ ఫ్యాక్టరీ చోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. పట్టుచీర మడతల్లోని కాగితాలు ఫోనులో అంకెలయ్యాయి. బైబ్యాక్ లాభనష్టాలు ఈనాడు నాకు బాగానే తెలుసు, ధర ఈసారీ బాగుంది. కానీ గడువు నిన్నటితో అయిపోయింది. మామ చేత ఇంకోసారి సంతకం పెట్టించినట్టవుతుందని, నేను ఆ బటన్ నొక్కలేకపోయాను.