బాలింతకి నాచు చారు

మస్కట్‌లో, అజైబా అనే పేటలో మేముండే బిల్డింగులో దాదాపు ఫ్లాట్లన్నీ ఒక కొరియా కంపెనీవే. మా ఆయన ఆ కంపెనీలోనే పైపింగ్ ఇంజనీరు. పెళ్ళయి కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో, లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్ళూ నడుం వంచి పలకరిస్తుంటే ఎవరికి ఎంత వంగాలో తెలిసేది కాదు. అందరికీ రెండు చేతులూ జోడించేసేదాన్ని. సాయంత్రమైతే కారిడార్ నిండా వెల్లుల్లి, నువ్వులనూనె వాసన. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం దగ్గర చెప్పులు వరసగా ఉండేవి. చెప్పులు విప్పి ఇంట్లోకి వెళ్తున్నారంటే మనవాళ్ళలాంటివాళ్ళే అని మొదటి వారమే తేల్చేసుకున్నాను.

మా కింది ఫ్లాట్లో మేనేజరుగారి భార్య ఉండేది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉండేది. మిగతా కొరియా ఆడవాళ్ళు ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడేవారు. "ఆవిడతో కాస్త జాగ్రత్త, పేరు పెట్టి పిలవకు," అన్నారు మా ఆయన. పేరు తెలిస్తే కదా పిలవడానికి.

నాకు ఏడో నెల వచ్చాక ఒకరోజు లిఫ్టులో నా పొట్టకేసి చూసి, ఫోను తీసి అందులో ఏదో చెప్పింది. ఫోను ఇంగ్లీషులో అడిగింది, "మీ అమ్మ ఎప్పుడొస్తుంది?"

రావడం కుదరదని చెప్పాను. అమ్మ బాత్రూములో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అత్తగారు మా పెళ్ళికి ముందే పోయారు. మేనేజరుగారి భార్య తన అంతస్తు వచ్చేసినా దిగలేదు. తలుపు మూసుకోకుండా కాలు అడ్డంపెట్టి నిలబడి మళ్ళీ ఫోనులో చెప్పింది.

"నన్ను ఇమో అని పిలువు."

ఇమో అంటే అమ్మ తోబుట్టువని మా ఆయన ఆఫీసులో కనుక్కొచ్చారు. అంటే నాకు పిన్ని.

జూన్‌లో, బౌషర్ ఆస్పత్రిలో పాప పుట్టింది. ఇంటికొచ్చిన పూటే ఇమో పెద్ద గిన్నె మోసుకుంటూ మా ఇంటికొచ్చింది. మూత తీస్తే ముదురాకుపచ్చ చారు, అందులో జారిపోతున్న ఆకులు. అప్పుడే అమ్మ వీడియో కాల్లో ఉంది.

"ఏంటే ఆ నల్లటిది?"

"సముద్రపు నాచటమ్మా. నెత్తళ్ళ చేపలు మరిగించిన నీళ్ళలో వండింది. వాళ్ళ దేశంలో బాలింతలందరికీ ఇదే పెడతారట."

"నాచేంటే! పచ్చి బాలింతవి, వాతం చేస్తుంది. సొరచేప పిట్టు వండమను, పాలు పడతాయి."

ఇమోకి ఆ మాటలు అర్థం కాలేదు గాని గొంతు అర్థమైనట్టుంది. ఫోనుకేసి వంగి అమ్మకి దణ్ణం పెట్టి, కొరియన్‌లో గట్టిగా, ధీమాగా ఏదో చెప్పింది. తర్వాత తలెత్తి ఏసీని చూసింది. వెంటనే వెళ్ళి ఆపేసింది. నా బీరువాలోంచి శాలువా తీసి తలకి చుట్టింది. నా చేతిలోని చల్లటి నీళ్ళ సీసా లాక్కుంది. అమ్మ ముఖం వెలిగిపోయింది.

"ఎవరే ఈ మహాతల్లి? చెవుల్లో దూది కూడా పెట్టమను!"

నేను సైగ చేసి చూపించాను. ఇమో బుర్ర ఊపింది. ఆ పూట నుంచి వాళ్ళిద్దరూ ఒక జట్టు. నేనూ మా ఆయనా ఉడికిపోయే జట్టు.

కొన్నాళ్ళకి పాప మెడ నిండా, వీపు నిండా ఎర్రటి చెమట పొక్కులు లేచాయి. ఊరుకోబెట్టినా ఊరుకోదు. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ మా ఆయన్ని నిలబెట్టి కడిగేసింది, "మస్కట్‌లో, జూన్ నెలలో, ఏసీ ఆపుతారా?" ఇంటికి రాగానే ఆయన ఏసీ వేశారు. కాసేపటికి ఇమో గిన్నెతో వచ్చింది. ఆయన డాక్టరు చెప్పింది చెప్పారు. ఆవిడ పాప వీపు చూసింది. గిన్నె బల్ల మీద పెట్టి, నడుం వంచి, వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మొదట్లో ముక్కు మూసుకుని మింగిన ఆ చారు మీదికి మనసు పోయింది. చారు మీదికి కాదు, నేను గిన్నె ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చుని చూసే మనిషి మీదికి. పాపని మా ఆయనకిచ్చి కిందికి వెళ్ళి తలుపు కొట్టాను.

ఇమో కళ్ళు వాచి ఉన్నాయి. ఫోనులో చాలాసేపు చెప్పింది. ఇద్దరు కొడుకులట. కూతుళ్ళు లేరు. కోడళ్ళిద్దరూ పురుడు కాగానే బాలింతల్ని చూసుకునే చోటికి డబ్బు కట్టి వెళ్ళిపోయారట. అక్కడ అన్నీ నర్సులే చూస్తారు. వాళ్ళ కోసం కొని దాచిన ఎండు నాచు అలాగే ఉండిపోతే, ఇక్కడికి పట్టుకొచ్చింది.

"ఎవరికీ చేయలేదు. నీకు చేశాను. బిడ్డకి నొప్పి తెప్పించాను," అంది ఫోను.

"చారు లేకపోతే నాకు పాలు సరిగ్గా పడ్డం లేదు ఇమో," అన్నాను. అది పూర్తిగా నిజమో కాదో నాకూ తెలియదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాతే నా పాదాలకేసి చూసింది. వట్టి కాళ్ళతో పాలరాతి మీద నడిచొచ్చానని గొణుగుతూ, వాళ్ళాయన మేజోళ్ళు తెచ్చి నాకు తొడిగింది. పొయ్యి వెలిగించింది. మర్నాటి నుంచి మా ఇంట్లో ఏసీ నడిచింది, చారూ నడిచింది. అమ్మ మాత్రం వారం రోజులు ఆ డాక్టరమ్మని తిట్టింది.

ఏడాది తిరిగాక ప్రాజెక్టు అయిపోయి ఇమోవాళ్ళు తమ దేశం వెళ్ళిపోయారు. అదృష్టం కొద్దీ అంతకు ముందే అమ్మ కాలు బాగయి, పాప అన్నప్రాశనకి వచ్చి రెండు నెలలు ఉంది. సాయంత్రాలు అందరం అజైబా బీచికి వెళ్ళేవాళ్ళం. అమ్మ నేతచీరలో, ఇమో ముఖమంతా కప్పే టోపీలో, ఇద్దరూ మాకంటే ముందు నడిచేవారు. అమ్మ తెలుగులో, ఆవిడ కొరియన్‌లో. మధ్యలో ఆగి మరీ చెప్పుకునేవారు.

ఒకరోజు అడిగాను. "ఇంతసేపు ఏం మాట్లాడుకుంటారమ్మా?"

"ఆవిడ చిన్నకోడలు పండక్కి రాదట. పాపం, బాధపడుతోంది."

"నీకెలా తెలుసు?"

"చెప్పింది కదే ఇప్పుడు," అని అమ్మ విసుక్కుని, ఇమో దగ్గరికి గబగబా నడిచింది.