గుండయ్య శెట్టి చెప్పుకోలేని జబ్బు

రెండు వేల ఏడులో, నందికొట్కూరు బజారులో విత్తనాల కొట్టు నడిపే గుండయ్య శెట్టి అరగంటైనా కుదురుగా కూర్చోలేకపోయేవాడు. బేరం మధ్యలోనే లేచి ఒంటేలుకు పెరట్లోకి పోయేవాడు. పోయివచ్చినా తీరేది కాదు. ఎవరికీ చెప్పుకోలేక, మొక్కల నుంచి తీసిన స్టెరాల్ మాత్రలు తెప్పించుకున్నాడు. ప్రోస్టేటు గ్రంథికీ కొలెస్ట్రాల్‌కూ మంచివని సీసా మీద ఇంగ్లీషులో రాసి ఉంది. భార్య కామాక్షమ్మకు మాత్రం కొలెస్ట్రాల్ మందనే చెప్పాడు.

మూడు నెలలైనా గుణం కనబడలేదు. పైగా మాత్రలు తొందరగా అయిపోతున్నాయి. ఒకరోజు కామాక్షమ్మే సీసా మూత తీస్తూ కనిపించింది.

"నాకూ కొలెస్ట్రాల్ ఉండాదని డాక్టరమ్మ చెప్పింది గదా. అందుకే మింగుతాండా," అంది.

శెట్టి గదిలో అటూ ఇటూ తిరిగి, ఆఖరికి గోడవైపు చూస్తూ అన్నాడు. "నాకు ఒంటేలు సరిగ్గా రావడంల్యా. దానికి తెచ్చుకున్నా."

"ఇన్ని దినాలు గమ్మునే ఎట్లుండారు? రేపే కర్నూలుకు పోదాం."

ఆసుపత్రి బెంచీ మీద నుంచి ఆయన మూడుసార్లు లేచాడు. డాక్టరు పరీక్షించి, ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రానికి అడ్డుపడుతోందనీ, ఈ మాత్రలతో అది తగ్గదనీ చెప్పి వేరే మందు రాశాడు. భయపడాల్సింది లేదన్నాడు. నెల తిరిగేసరికి కొంత తెరిపి వచ్చింది. అయినా ఏ ఊరు పోయినా, బస్సు దిగగానే మరుగుదొడ్డి ఎక్కడుందో కామాక్షమ్మే ముందుగా అడిగేది.